కోరం విరగ్గొట్టి టెక్సాస్ డెమొక్రాట్లు సాధించింది ఏమిటి?

సందేహి:
ఎల్ పాసోలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2025 నవంబరు 18న 2-1 తీర్పుతో ఆపేసిన టెక్సాస్ కొత్త మ్యాపుకు (అమెరికా ప్రతినిధుల సభ స్థానాలకు రిపబ్లికన్లు గీసిన నియోజకవర్గాల మ్యాపు), డిసెంబరు 4న సుప్రీంకోర్టు దారి ఇచ్చేసింది. అంటే 2026 ఎన్నికలు కొత్త గీతల మీదే జరుగుతాయి. మరి ఈ మ్యాపును ఆపాలని ఆగస్టులో యాభై మందికి పైగా డెమొక్రాట్ శాసనసభ్యులు ఇల్లూ వాకిలీ వదిలి ఇలినాయ్ వెళ్లి రెండు వారాలు కూర్చున్నారు కదా, దాని వల్ల ఒరిగింది ఏమిటి? దెప్పిపొడవడానికి కాదు, తెలుసుకుందామనే అడుగుతున్నాను. అసలు కొందరు సభకు రాకపోతే సభే ఆగిపోవడం ఏమిటి? మన దగ్గర సగం కుర్చీలు ఖాళీగా ఉన్నా బిల్లులు మూజువాణి ఓటుతో సాగిపోతూనే ఉంటాయి.

ఆస్టిన్_ఆవకాయ:
టెక్సాస్ ప్రతినిధుల సభలో మొత్తం 150 మంది. రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం కోరానికి, అంటే సభ నడవడానికి కావలసిన కనీస హాజరుకు, మూడింట రెండు వంతులు, అంటే 100 మంది ఉండాలి. రిపబ్లికన్లు 88 మంది, డెమొక్రాట్లు 62 మంది. ఓటింగుకు వస్తే డెమొక్రాట్లు ఓడిపోవడం ఖాయం. కానీ 51 మంది గడప దాటి వెళ్లిపోతే ఓటింగే జరగదు. ఆగస్టు 3న చేసింది అదే. ఎక్కువ మంది షికాగో దగ్గర సెయింట్ చార్ల్స్‌లో ఒక హోటల్లో దిగారు, కొందరు న్యూయార్క్, బోస్టన్ వైపు వెళ్లారు. మర్నాడే స్పీకర్ డస్టిన్ బరోస్ అరెస్టు వారెంట్ల మీద సంతకం పెట్టారు. అయితే అవి సివిల్ వారెంట్లు. జైల్లో పెట్టడానికి కాదు, పట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టడానికి. రాష్ట్రం పొలిమేర దాటితే ఆ కాగితానికి విలువ లేదు. అందుకే వేరే రాష్ట్రాలకు వెళ్లడం.

విజయవాడ_వకీలు:
మన దగ్గర ఇది ఎందుకు కుదరదో కూడా చెప్పుకోవాలి. రాజ్యాంగం 189వ అధికరణ ప్రకారం రాష్ట్ర శాసనసభకు కోరం మొత్తం సభ్యుల్లో పదో వంతు, లేదా పది మంది, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ సభకు 18 మంది చాలు. 119 మంది ఉన్న తెలంగాణకు 12 మంది. ప్రతిపక్షం మొత్తం మూకుమ్మడిగా కాశీయాత్రకు వెళ్లినా సభ నడుస్తుంది.

అమెరికాలో కూడా చాలా రాష్ట్రాల్లో సగానికి పైన ఉంటే సరిపోతుంది. మూడింట రెండు వంతులు అడిగేవి టెక్సాస్, ఆరెగాన్, ఇండియానా, టెనెసీ మాత్రమే. అంటే ఈ ఆయుధం ఎవరి చేతికి పడితే వారికి అందేది కాదు.

ఇంకొక మాట. ఇది చట్టవిరుద్ధం అని టీవీల్లో అరిచారు. టెక్సాస్ సుప్రీంకోర్టు 2021లోనే దీని గురించి చెప్పింది. కోరం లేకుండా చేసే వీలు మైనారిటీ పక్షానికి రాజ్యాంగమే ఇచ్చింది, రానివారిని బలవంతంగా రప్పించే అధికారం మిగిలినవారికీ ఇచ్చింది అని. రెండూ ఒకే నిబంధనలో పక్కపక్కనే ఉన్నాయి. ఆట నియమాల్లోనే దొంగా పోలీసూ ఇద్దరూ ఉన్నారన్నమాట.

నిర్మొహమాటం:
నియమాల్లో ఉందని చేసిన ప్రతి పనీ మంచిదవుతుందా? నేను ప్లానోలో ఉంటాను, పన్ను కడతాను. నా ప్రతినిధికి ఓటు వేసింది సభలో కూర్చుని వాదించమని. ఓడిపోతారని తెలిస్తే ఓడిపోవాలి. ఓటమిని ఒప్పుకోలేనివాళ్లు ప్రజాస్వామ్యం గురించి పాఠాలు చెప్పకూడదు. పైగా అదే సమావేశాల అజెండాలో వరద సాయం ఉంది. జులై 4న గ్వాడలూపే నది పొంగి కెర్ కౌంటీలో, చుట్టుపక్కలా వంద మందికి పైగా పోయారు. పిల్లల శిబిరం కొట్టుకుపోయింది. ఆ బిల్లులు కూడా ఆగిపోయాయి కదా వీరి ప్రయాణం వల్ల?

ఆస్టిన్_ఆవకాయ:
నిర్మొహమాటం గారూ, వరద సంగతి మీరన్నంత సూటిగా లేదు. ప్రత్యేక సమావేశాల్లో ఏ అంశం చర్చకు రావాలో నిర్ణయించేది గవర్నర్ ఒక్కరే. వరద సాయాన్నీ, నియోజకవర్గాల మ్యాపునూ ఒకే మూటలో కట్టింది గ్రెగ్ అబాట్ గారు. సమావేశాలు జులై 21న మొదలయ్యాయి. వీళ్లు వెళ్లింది ఆగస్టు 3న. ముందు వరద బిల్లులు తెండి, వాటికి మేమూ ఓటు వేస్తాం అని డెమొక్రాట్లు అడుగుతూనే ఉన్నారు. ఆ రెండు వారాల్లో అవి సభ ముందుకు ఎందుకు రాలేదు?

నిర్మొహమాటం:
రెండు వైపులా వరదను అడ్డం పెట్టుకున్నారు అనండి, ఒప్పుకుంటాను. ఒక వైపే అనకండి.

లెక్కలపంతులు:
ఇక్కడ అందరూ సభ గురించే మాట్లాడుతున్నారు, మ్యాపు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. కాసేపు అంకెలు చూద్దాం.

టెక్సాస్ నుంచి అమెరికా ప్రతినిధుల సభకు 38 స్థానాలు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఒక్కో స్థానానికి సుమారు 7 లక్షల 67 వేల మంది. ఈ సంఖ్య అన్నింటికీ సమానంగా ఉండాలి, అందులో రాజీ లేదు. ఆటంతా ఆ 7 లక్షల 67 వేల మంది ఎవరన్న దాంట్లోనే.

2024లో టెక్సాస్‌లో ట్రంప్‌కు వచ్చినవి సుమారు 56 శాతం ఓట్లు. అప్పటికే రిపబ్లికన్ల చేతిలో 25 స్థానాలు, అంటే 66 శాతం. కొత్త మ్యాపు లక్ష్యం 30, అంటే 79 శాతం. 56 శాతం ఓట్లను 79 శాతం సీట్లుగా మార్చాలంటే ఒక్కరి మనసు కూడా మార్చనక్కర్లేదు, గీత జరిపితే చాలు.

ఎలా జరుపుతారో ఆస్టిన్‌లో చూడండి. పాత మ్యాపులో ఆస్టిన్ కేంద్రంగా గెలిచిన డెమొక్రాట్లు ఇద్దరు, 35వ స్థానంలో గ్రెగ్ కసార్, 37లో లాయిడ్ డాగెట్. కొత్తదాంట్లో 35ను దక్షిణానికి, శాన్ ఆంటోనియో వైపు జరిపేశారు. ఆస్టిన్ డెమొక్రాట్లను వీలైనంత మందిని 37లో కుక్కారు. అక్కడ ఆ పార్టీ అభ్యర్థి 75 శాతంతో గెలిచినా 51 శాతంతో గెలిచినా వచ్చేది ఒక్క సీటే. పైన మిగిలిన ఓట్లన్నీ వృథా. అలా కుక్కిన తర్వాత మిగిలినవారిని పక్క స్థానాల్లోకి కొంచెం కొంచెం చల్లేశారు. ఒకచోట కుక్కడం, మరోచోట చల్లడం, ఇంతకు మించిన విద్య ఇందులో ఏమీ లేదు. కంప్యూటర్ వచ్చాక వీధి వీధికీ చేయగలుగుతున్నారు, అదే తేడా.

డాలస్‌లో 32వ స్థానం ఇంకా విచిత్రం. నగరం ఉత్తర భాగంలో ఉన్నదాన్ని తూర్పు టెక్సాస్ పల్లెల దాకా సాగదీశారు. అపార్ట్‌మెంట్లో ఉండే మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ, పైన్ అడవుల మధ్య పశువులు పెంచే రైతుకీ ఒకరే ప్రతినిధి.

విజయవాడ_వకీలు:
పంతులు గారి లెక్కకు చట్టం వైపు నుంచి ఒక తోక. పార్టీ ప్రయోజనం కోసం గీతలు గీయడం మీద ఫెడరల్ కోర్టులు తీర్పు చెప్పలేవని 2019లో సుప్రీంకోర్టు 5-4తో తేల్చేసింది. జాతి ఆధారంగా గీస్తే మాత్రం అడగవచ్చు. దాంతో ‘మేం చేసింది పచ్చి రాజకీయం, జాతి కాదు’ అని ధైర్యంగా చెప్పుకోవడమే రక్షణ అయిపోయింది. తప్పును ఒప్పుకుంటే నిర్దోషి!

ఎల్ పాసో కేసులో చిక్కంతా జులై 7న ఫెడరల్ న్యాయశాఖ రాసిన ఒక లేఖతో వచ్చింది. నాలుగు స్థానాలను జాతి కూర్పు పేరుతోనే తప్పుపట్టిన లేఖ అది. ధర్మాసనం దాన్నే పట్టుకుంది. తీర్పు రాసిన జెఫ్రీ బ్రౌన్ ట్రంప్ నియమించిన జడ్జే. సుప్రీంకోర్టు 6-3తో ఆ ఉత్తర్వును నిలిపివేసింది. శాసనసభ సదుద్దేశాన్ని నమ్మి మొదలుపెట్టాలి, ఎన్నికల ముంగిట గీతలు కదపకూడదు అన్నది.

పాతపత్రిక:
పాత కథలు చెప్పకుండా ఉండలేను, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

సభ నుంచి పారిపోవడంలో పేరున్న పూర్వీకుడు అబ్రహాం లింకన్. 1840 డిసెంబరు, ఇలినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్. కొత్త భవనం పూర్తికాక సభ ఒక చర్చిలో జరుగుతోంది. బ్యాంకు గొడవలో కోరం లేకుండా చేయాలని లింకన్, ఇంకొందరు కిటికీలోంచి దూకారు. అప్పటికే హాజరు లెక్క అయిపోయింది. దూకడం వృథా అయింది. కాళ్లు పొడుగు కాబట్టి దెబ్బ తగల్లేదని ప్రత్యర్థులు ఎగతాళి చేశారట.

టెక్సాస్‌కు వస్తే 1979 అసలైన కథ. పన్నెండు మంది రాష్ట్ర సెనేటర్లు మాయమయ్యారు. వేరే రాష్ట్రానికి వెళ్లలేదు, ఆస్టిన్‌లోనే, ఒక గ్యారేజీని అంటుకుని ఉన్న చిన్న వాటాలో దాక్కున్నారు. రాష్ట్రమంతా రేంజర్లు అనే రాష్ట్ర పోలీసులు వెతుకుతుంటే వీళ్లు రాజధానిలోనే పేకాడుకున్నారు. గాలి ఆడక విసిగిపోయిన జీన్ జోన్స్ అనే సెనేటర్ హ్యూస్టన్‌లో తన ఇంటికి వెళ్లిపోయారు. రేంజర్లు అక్కడికి వచ్చి పేపరు తీసుకోవడానికి బయటికి వచ్చిన మనిషిని పట్టుకున్నారు. ఆయన సెనేటర్ కాదు, సెనేటర్ సోదరుడు! అసలు మనిషి వెనక కంచె దూకి పోయాడు. చివరికి ఆ బిల్లు పోయింది, వీళ్లు గెలిచారు. తమాషా ఏమిటంటే వెతికించిన, సెనేట్‌ను నడిపే లెఫ్టినెంట్ గవర్నర్ బిల్ హాబీ కూడా డెమొక్రాటే.

2003 దగ్గరికి వస్తే ఇప్పటి కథకు అచ్చు. టామ్ డిలే అనే వాషింగ్టన్ నాయకుడు పదేళ్లకొకసారి గీసే మ్యాపును దశాబ్దం మధ్యలోనే మార్చమన్నాడు. మే నెలలో యాభై మందికి పైగా ప్రతినిధులు ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్ వెళ్లారు. వాళ్లలో ఒకరి విమానం ఎక్కడుందో కనిపెట్టడానికి ఫెడరల్ ఉద్యోగులను వాడబోయి డిలే తర్వాత ఎథిక్స్ కమిటీతో చీవాట్లు తిన్నాడు. వేసవిలో పదకొండు మంది సెనేటర్లు న్యూమెక్సికోలోని ఆల్బకర్కీకి వెళ్లి నెలకు పైగా ఉన్నారు. జాన్ విట్‌మైర్ అనే ఆయన ఒక్కడు వెనక్కి వచ్చేయడంతో కోరం కుదిరింది. అక్టోబరులో మ్యాపు నెగ్గింది. 32 స్థానాల్లో 15 ఉన్న రిపబ్లికన్లు 2004 ఎన్నికల్లో 21కి చేరారు.

2021లో ఓటింగు నిబంధనల బిల్లు మీద వాషింగ్టన్ వెళ్లారు, 38 రోజులు ఆపారు. సెప్టెంబరులో ఆ బిల్లు చట్టమైపోయింది.

సందేహి:
మరి 1979లో ఎందుకు గెలిచారు, మిగతా మూడుసార్లూ ఎందుకు ఓడిపోయారు?

పాతపత్రిక:
గడియారం వల్ల. టెక్సాస్ సభ రెండేళ్లకొకసారి, 140 రోజులు మాత్రమే కూర్చుంటుంది. 1979లో ఆ 140 రోజులు అయిపోవస్తున్నాయి. మిగిలిన బిల్లులు మూలన పడుతుంటే ఆ ఒక్కదాని కోసం అందరినీ ఆపుకోవడానికి హాబీకి మనసొప్పలేదు. అది పట్టు పట్టాల్సినంత పెద్దదీ కాదు, అధ్యక్ష ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) తేదీని వేరు చేసే వ్యవహారం.

తర్వాత మూడుసార్లూ గవర్నర్ ప్రత్యేక సమావేశాలు పిలిచారు. ఒక్కొక్కటి 30 రోజులు, ఎన్నిసార్లు పిలవాలన్నా పిలవవచ్చు. 2025లో మొదటిది ఆగస్టు 15న ముగిసింది. అదే రోజు రెండోది మొదలైంది. పారిపోయినవాడికి ఉద్యోగం, పిల్లలు, అప్పులు ఉంటాయి. పిలిచేవాడికి ఒక సంతకం చాలు.

కృష్ణవేణి_డాలస్:
అప్పుల మాట వచ్చింది కాబట్టి. టెక్సాస్ శాసనసభ్యుల జీతం నెలకు 600 డాలర్లు. తప్పు చదవలేదు, ఆరు వందలే. 2021 తర్వాత పెట్టిన నిబంధన ప్రకారం గైర్హాజరైన రోజుకు జరిమానా అప్పటికి 500 డాలర్లు. ఎన్నికల నిధుల నుంచి కట్టకూడదు. పైగా జీతం బ్యాంకులో వేయం, రాజధానికి వచ్చి చేతికి చెక్కు తీసుకోండి అన్నారు. వీళ్లలో చాలామంది వేరే పని చేసుకుని బతికేవాళ్లే. అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్, గవర్నర్ విడివిడిగా టెక్సాస్ సుప్రీంకోర్టుకు వెళ్లి, డెమొక్రాట్ల నాయకుడు జీన్ వూ పదవి తీసేయమని అడిగారు. సెయింట్ చార్ల్స్ హోటలుకు బాంబు బెదిరింపు వస్తే అందరూ ఖాళీ చేసి బయటికి వచ్చారు. విహారయాత్ర అని వెక్కిరించేవాళ్లు ఇవన్నీ కలుపుకుని వెక్కిరించాలి.

నాకు గుర్తుండేది మాత్రం తిరిగి వచ్చిన తర్వాతి సంగతి. ఆగస్టు 18న కోరం కుదిరింది. స్పీకర్ తలుపులు మూయించి, వెళ్లివచ్చిన డెమొక్రాట్లు బయటికి పోవాలంటే ఒక కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. బుధవారం దాకా రాష్ట్ర పోలీసు ఒకరు వెంట ఉండటానికి ఒప్పుకుంటున్నాను అని దాని సారం. మిగిలినవాళ్లు సంతకం పెట్టి, వెనక పోలీసుతో ఇళ్లకు వెళ్లారు. ఫోర్ట్ వర్త్ సభ్యురాలు నికోల్ కోలియర్ పెట్టలేదు. పెట్టనంటే సభలోనే ఉండాలి అన్నారు, ఉంటాను అన్నారు. ఆ రాత్రి తన బల్ల దగ్గర కుర్చీలోనే పడుకున్నారు. మర్నాడు కొందరు సహచరులు తాము సంతకం పెట్టిన కాగితాలు చించేసి ఆవిడ పక్కన వచ్చి కూర్చున్నారు. రాకపోతే అరెస్టు అన్న సభే, వచ్చి కూర్చున్న మనిషిని బయటికి వదలలేదు.

20న మ్యాపు 88-52తో నెగ్గింది. 29న గవర్నర్ సంతకం.

నిర్మొహమాటం:
కోలియర్ గారి ధైర్యాన్ని నేనూ తక్కువ చేయను. ఆవిడ సభలో ఉండి చేశారు, అది నాకు నచ్చింది.

కానీ ఆశ్రయం ఇచ్చింది ఎవరు? ఇలినాయ్! అక్కడ 17 స్థానాల్లో 14 డెమొక్రాట్లవి. గవర్నర్ ప్రిట్జ్‌కర్ సంతకం చేసిన మ్యాపు అది. గీతలు వంకర అని ఏడుస్తూ గీతల వంకరకు పేరుపడ్డ ఇంట్లో భోజనం చేశారు. ఇక ఆరెగాన్ చూడండి. అక్కడ రిపబ్లికన్లు 2019, 2020, 2021, 2023లలో ఇలాగే వెళ్లిపోయారు. అప్పుడు ఇదే ప్రజాస్వామ్య వీరులు వాళ్లను పనిదొంగలన్నారు. 2022లో ప్రజాభిప్రాయం పెట్టి, అనుమతి లేకుండా పదిసార్లు గైర్హాజరైతే మళ్లీ పోటీ చేయకూడదని నిబంధన తెచ్చారు. టెక్సాస్‌లో త్యాగం, ఆరెగాన్‌లో ఎగవేతా?

ఆస్టిన్_ఆవకాయ:
ఆరెగాన్ మాట సరైనదే, దాచుకోవడానికి ఏమీ లేదు. అయినా నాకు ఒక తేడా కనబడుతుంది. మామూలు బిల్లు తప్పయితే వచ్చే ఎన్నికల్లో ఓటరు శిక్షించవచ్చు. మ్యాపు తప్పయితే ఆ శిక్షించే చేతినే విరిచేస్తారు. తర్వాత సరిదిద్దుకునే దారి ఉన్నచోట ఓడిపోవాలి అన్న మీ మాట నాకూ సమ్మతమే. ఆ దారినే మూసే బిల్లు వచ్చినప్పుడు సభ ఆపడం వేరే లెక్క.

గోదావరి_గట్టు:
చదువుతుంటే 1984 ఆగస్టు గుర్తొచ్చింది. ఎన్టీఆర్‌ను దించేసినప్పుడు ఎమ్మెల్యేలను కర్ణాటక పంపించి నందిహిల్స్‌లో ఉంచారు కదా. అక్కడా హోటళ్లే, ఇక్కడా హోటళ్లే. క్యాంపు రాజకీయం అమెరికాకూ పాకిందా?

పాతపత్రిక:
పైకి ఒకటే, లోపల పూర్తిగా తిరగబడి ఉంటుంది గట్టు గారూ. నందిహిల్స్ క్యాంపు సభలో బలం చూపించడానికి. సమయం వచ్చేదాకా ఒక్క తల కూడా జారిపోకుండా కాపలా. వీళ్లది సభలో తలలు తక్కువ కావడానికి. అక్కడ ఎమ్మెల్యేను నాయకుడు దాస్తాడు, ఇక్కడ ఎమ్మెల్యే తనంతట తాను దాక్కుంటాడు. బేరాలకు ఇక్కడ తావు లేదు, విసుగే శత్రువు. 2003లో విట్‌మైర్‌ను ఎవరూ కొనలేదు. ఇంకా సాగదీయడం అనవసరం అనిపించి వచ్చేశాడు.

మోడరేటర్:
నిన్న రాత్రి రెండు వ్యాఖ్యలు తీసేశాను. పార్టీలను తిట్టుకోండి, తోటి సభ్యుల వీసా సంగతులు ఎత్తకండి.

లెక్కలపంతులు:
సందేహి గారి ప్రశ్నకు ఇంకా ఎవరూ నేరుగా జవాబివ్వలేదు. ఒరిగింది ఏమిటి?

టెక్సాస్‌లో సున్న. మ్యాపు ఆగలేదు. బయట మాత్రం మారింది. ఆ రెండు వారాల్లో కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ ఎదురు మ్యాపు సిద్ధం చేసుకున్నారు. తిరిగి రావడానికి డెమొక్రాట్లు పెట్టుకున్న షరతులే రెండు, మొదటి సమావేశాలు ముగియాలి, కాలిఫోర్నియా మ్యాపు బయటికి రావాలి. రెండూ జరిగాకే వచ్చారు. నవంబరు 4న కాలిఫోర్నియా ఓటర్లు 50వ ప్రతిపాదనను సుమారు 64 శాతంతో ఆమోదించారు. అక్కడ డెమొక్రాట్లకు ఐదు సీట్లు కలిసొచ్చే మ్యాపు అది. ఇక్కడ ఐదు, అక్కడ ఐదు. చెల్లుకు చెల్లు.

కృష్ణవేణి_డాలస్:
చెల్లుకు చెల్లు అని అంత తేలిగ్గా అనకండి పంతులు గారూ. కాలిఫోర్నియాలో గీతలు గీసేది రాజకీయాలకు అతీతమైన పౌరుల కమిషన్. ఓటర్లే పట్టుబట్టి తెచ్చుకున్నది. 2026, 2028, 2030 ఎన్నికలకు దాని మ్యాపును పక్కన పెట్టారు. టెక్సాస్‌లో నా ఓటు విలువ తగ్గింది, అక్కడ ఎవరో రిపబ్లికన్ ఓటు విలువ తగ్గింది. ఇద్దరం నష్టపోయాం, పార్టీలు మాత్రం సరిసమానం అయ్యాయి.

విజయవాడ_వకీలు:
ఈ మొత్తం గొడవలో అందరూ వదిలేస్తున్నది ఇండియానా. డిసెంబరు 11న అక్కడి సెనేట్ కొత్త మ్యాపును 31-19తో తిప్పికొట్టింది. సెనేట్లో డెమొక్రాట్లు పది మందే. మిగతా 21 ఓట్లు రిపబ్లికన్లవి. వైట్‌హౌస్ నుంచి నెలల తరబడి ఒత్తిడి వచ్చినా, కొందరికి బెదిరింపులు వచ్చినా వాళ్లు కుర్చీలో కూర్చునే వద్దు అన్నారు. ఇండియానాలోనూ కోరం మూడింట రెండు వంతులే, కానీ పది మంది డెమొక్రాట్లు లేచి వెళ్లినా అక్కడ ఏమీ ఆగేది కాదు. అధికార పార్టీ లోపల ఇరవై ఒక్క మంది చేసిన పని టెక్సాస్‌లో యాభై మంది ప్రతిపక్షం చేయలేకపోయింది. మ్యాపును నిజంగా ఆపగలిగేది దాని వల్ల లాభపడే పక్షమే.

నిర్మొహమాటం:
ఇది ఒప్పుకుంటాను. టెక్సాస్ రిపబ్లికన్లలో అలాంటివాళ్లు ఒక్కరూ లేకపోవడం నాకు గర్వకారణం కాదు.

పాతపత్రిక:
ఒక్కటి చెప్పి ఆపుతాను. 1979లో ఆ గ్యారేజీ పక్క వాటాలో దాక్కున్న పన్నెండు మందిలో ఒకరు లాయిడ్ డాగెట్. పంతులు గారు పైన చెప్పిన ఆస్టిన్ డాగెట్ ఆయనే. 2025 ఆగస్టులో, సభ మ్యాపును ఆమోదించిన మర్నాడు, ఇది నిలబడితే తాను పోటీ చేయనని, కసార్‌కు చోటు ఇస్తానని ప్రకటించారు.

రిచర్డ్‌సన్_రాణి:
చర్చ బాగుంది కానీ నాకు పనికొచ్చే సంగతి ఎవరైనా చెప్పండి. మా వారూ నేనూ కిందటేడాదే పౌరులం అయ్యాం. మేము ఇప్పుడు ఏ నియోజకవర్గంలో ఉన్నామో ఎలా తెలుస్తుంది?

ఆస్టిన్_ఆవకాయ:
రాణి గారూ, మీ కౌంటీ ఎన్నికల కార్యాలయం వెబ్‌సైటులో మీ పేరు, పుట్టిన తేదీ ఇస్తే కొత్త నంబరు చూపిస్తుంది. పాత ఓటరు కార్డు మీద ఉన్నది నమ్మకండి. ఇంకా ఓటరుగా నమోదు కాకపోతే ప్రైమరీ కోసం 2026 ఫిబ్రవరి 2 లోపు కావాలి. టెక్సాస్‌లో మామూలుగా ఇంటర్నెట్‌లో కొత్తగా నమోదు కుదరదు, ఫారం నింపి సంతకం పెట్టి పోస్టులో పంపాలి లేదా చేతికి ఇవ్వాలి. ప్రైమరీ మార్చి 3న. ఇక్కడ ఓటరు జాబితాలో పార్టీ పేరు ఉండదు కాబట్టి ఏ పార్టీ ప్రైమరీలోనైనా ఓటు వేయవచ్చు, ఏదో ఒకదానిలోనే. ఒక పక్షమే గెలిచేలా గీసిన స్థానాల్లో అసలు పోటీ మార్చిలోనే అయిపోతుంది. నవంబరు దాకా ఆగకండి.

రిచర్డ్‌సన్_రాణి:
ధన్యవాదాలండీ. ఫారం ఈ శనివారమే పోస్టు చేస్తాం.